పందిట్లో పలకాల్సిన పేరు

ఆంగ్ మో కియో, సింగపూర్
4 మే 2025

అక్కా,

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారా? ఫోన్లో నేనొకటి చెబితే నీకింకొకటి వినబడుతోంది. చెవి మిషను పెట్టుకుంటే అది కూత పెడుతోందంటావు. మొన్న వీడియోలో ముఖాలు చూసుకుని కళ్లు తుడుచుకోవడం తప్ప ఒక్క పని మాటా తెమల్లేదు. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి బావగారి ఫోనుకి పంపుతున్నాను. పెద్దది చేసుకుని తీరిగ్గా చదువుకో. నువ్వూ అలాగే రాసి పంపు. నీ దస్తూరీ చూసి ఎన్నాళ్లయిందో!

అనన్య పెళ్లికి శ్రావణంలో నువ్వు పెట్టించిన ముహూర్తమే ఖాయం చేశాను. సెరంగూన్ రోడ్డులో గుడి పక్కన హాలు దొరికింది. పిల్లవాడి అమ్మా నాన్నా ప్రాగ్ నుంచి వస్తున్నారు. నువ్వింకా మారెక్‌ని ఎదురుగా చూడలేదు కదా, చూస్తే నీకే నచ్చుతాడు. అనన్య ఆఫీసులోనే పని. మొన్న హాకర్ సెంటర్‌లో, అదే తిండి దుకాణాలన్నీ ఉండే చోట, నాకు కూర్చోడానికి చోటుండదేమోనని ముందే పరిగెత్తి టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాడు, అంటే చోటు పట్టేశాడు. మన అమ్మాయి మాత్రం ఫోన్ చూసుకుంటూ వెనకాల వస్తోంది. మన ఇంట్లో అరిటాకు వేస్తే, పప్పు ముందు, పులుసు తర్వాత అని దానికే పాఠం చెబుతాడు.

పీటల మీద నువ్వూ బావగారే కూర్చోవాలి. ఇది అడగక్కర్లేదని తెలుసు, అయినా అడుగుతున్నాను. మహీధర్ ఉండి ఉంటే మేమే కూర్చునేవాళ్లం. అనన్య కూడా ఇక్కడి యాసలో "పెద్దమ్మ, పెదనాన్న కాకపోతే నేను రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకుంటా లా" అంటోంది. దానికి పెళ్లి అంటే మీరిద్దరే.

ఇంకో సంగతి. జులైలో నేనూ, అనన్యా, మారెక్ ప్రాగ్ వెళ్తున్నాం. మారెక్ తాతగారు పావెల్, ఆయనకి ఎనభై తొమ్మిది. విమానం ఎక్కలేరు. ఆయన ఒకటే కోరారట, ఇంటికి వచ్చే పిల్ల పెళ్లికి ముందు తనతో కలిసి తెరెజీన్ చూడాలని. అది ప్రాగ్‌కి గంట దూరం. నాజీల కాలంలో యూదుల్ని తెచ్చి కుక్కిన ఊరు. తాతగారు చిన్నప్పుడు అక్కడే ఉన్నారు. ఇప్పుడది స్మారక స్థలం. పొద్దున్నే టూరు బస్సెక్కితే గైడు అన్నీ చూపించి సాయంత్రానికి దింపేస్తాడు.

చీరలు ఎప్పుడు కొంటున్నావో రాయి. నాకు ముదురు రంగులు వద్దు.

నీ భువన

*

చీరాల
12 మే 2025

ఒసే భువనా,

దీవెనలు. అనన్యకి ముద్దులు. నీ ఉత్తరం బావగారు ఫోన్లో పెద్దది చేస్తే ఒక్కో అక్షరం లడ్డూ అంత అయింది. ఆయన చదివారు, తర్వాత నేను చదివాను.

పీటల మీద మేం కాక ఎవరు కూర్చుంటారే? బావగారు అప్పుడే పట్టుపంచె తీసి ఎండలో వేశారు. నడుం నొప్పి సంగతి ఎత్తితే ఊరుకోవడం లేదు.

పని నేను మొదలుపెట్టేశాను. నీకు చెప్పి చేద్దామంటే ఫోన్లో నువ్వు దొరకవు. ఆషాఢం వస్తే ఏదీ ముట్టుకోకూడదని, మొన్న శుక్రవారం రోలూ రోకలీ కడిగి, బొట్లు పెట్టి, కొమ్ములు పోసి, ముత్తైదువల్ని పిలిచి పసుపు కొట్టేశాం. ఎదురింటి అంకమ్మ పాట అందుకుంది, అదీ ఎత్తుగడ తప్ప తర్వాత చరణం ఎవరికీ రాదు. అందరం నవ్వుకున్నాం. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో.

కాబట్టి ఇక ఆ ఊరికి వెళ్లడం కుదరదు. పసుపు కొట్టాక, తాళి పడేదాకా చావు జరిగిన చోటికి మనవాళ్లు గడప దాటరు. నువ్వు స్మారకం అని మెత్తగా రాశావు కానీ, వేలమంది పోయిన చోటంటే అది స్మశానమే కదా! ఆ గైడు అనేవాడు కాశీలో పండాలాంటివాడా? అక్కడ మీ చేత ఏం చేయిస్తాడు? పెళ్లికూతురి చేత అలాంటివి చేయించకూడదు.

ప్రాగ్ వెళ్లండి. పెద్దాయన కాళ్లకి దణ్ణం పెట్టండి. ఆయన చేత అక్షింతలు వేయించుకోండి. ఆ ఊరు మాత్రం పెళ్లయ్యాక, సరేనా? వద్దనడం లేదు, తర్వాత అంటున్నాను.

నీకు నెమలికంఠం రంగు తీశాను. ముదురే. నోర్మూసుకుని కట్టుకో.

మీ అక్క
సత్యవాణి

*

ఆంగ్ మో కియో
25 మే 2025

అక్కా,

పసుపు కొట్టేశామని రాశావు, చదివి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా కూతురి పెళ్లిపసుపు నాకు చెప్పకుండా కొట్టారు. నేనెలాగూ రోకలి పట్టకూడదు, అందుకని నాకు చెప్పడం దేనికి అనుకున్నావా? ఆ రోజు నేను పనిచేసే చోట, చైల్డ్‌కేర్‌లో పిల్లలకి చేతులు కడిగిస్తూ ఉన్నాను. ఒక్క మాట చెబితే మధ్యాహ్నం తలుపు వేసుకుని కళ్లు మూసుకునైనా మీ పాట ఊహించుకునేదాన్ని.

అది స్మశానం కాదు అక్కా. మ్యూజియం. రోజూ బస్సులు బస్సులు వస్తాయి. స్కూలు పిల్లల్ని తీసుకొస్తారు. గైడు పండా కాదు, ఎవరి చేతా ఏమీ చేయించడు. ఇక్కడ ఏం జరిగిందో చెబుతాడు, వింటాం, తిరిగొస్తాం. పెళ్లయ్యాక వెళ్లమంటున్నావు. ఆ పెద్దాయనకి ఎనభై తొమ్మిదేళ్లని రాశాను కదా. ఆయన ఇన్నేళ్లలో ఆ ఊరికి తిరిగి వెళ్లలేదట. కొడుకుని తీసుకెళ్లలేదు, కోడల్ని తీసుకెళ్లలేదు. మన పిల్లతో వెళ్తానన్నారు. నేను ఏ నోటితో కాదనను?

నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. మారెక్ మన వాడు కాదని నీ మనసులో ఉంది కదూ? ముఖం మీద అనలేక పసుపు అడ్డం పెట్టుకున్నావు. మొదటిసారి ఫోటో పంపినప్పుడు కూడా "ఎత్తు బాగానే ఉన్నాడు" అన్నావంతే. అంతకు మించి ఒక్క మాట లేదు. నా కూతురు మనువాడేవాణ్ణి చూసి నీకు ఎత్తు ఒక్కటే కనబడిందా?

మేం వెళ్తున్నాం. టికెట్లు అయిపోయాయి.

భువన

*

చీరాల
3 జూన్ 2025

భువనా,

ఎత్తు బాగానే ఉన్నాడన్నది నిజమే. ఆ ఫోటోలో వాడు తాటిచెట్టులా నిలబడితే ఇంకేం అనను? నాకు నచ్చకపోతే పసుపు ఎందుకు కొడతానే? మన పెదనాన్న మనవడికి కబురు పంపి కొబ్బరి బొండాలు ఎందుకు చెప్పిస్తాను? నచ్చని పెళ్లికి ఈ మోకాళ్లతో బట్టల షాపు మెట్లు ఎక్కి దిగుతానా?

పసుపు సంగతి నీకు చెప్పకపోవడం తప్పే. నువ్వు బాధపడతావని చెప్పలేదు. చెప్పకపోతే ఎక్కువ బాధపడతావని తోచలేదు.

కానీ నా భయం నీకు అర్థం కాలేదు. మహీధర్ పోయినరోజు నువ్వు ఫోన్ చేస్తే, ఆ గొంతు విన్నది నేను. అప్పుడు నా చెవులు బాగానే పనిచేసేవి. నలభై నాలుగేళ్ల మనిషి, ఆఫీసుకని బయల్దేరి లిఫ్ట్ దగ్గర పడిపోయాడు. నీకు జరిగింది చాలు. నా పిల్లకి ఆ గాలి కూడా సోకకూడదు. నీకిది మూఢనమ్మకంలా కనబడుతుంది, కనబడనీ. రేపు దానికేదైనా అయితే, ఆ రోజు నేను నోరు మూసుకున్నానే అని నన్ను నేను తిట్టుకుంటూ బతకలేను.

వెళ్లాలనుకుంటే వెళ్లండి. మేం పీటల మీద కూర్చోం. ఆ ఊరు తొక్కి వచ్చిన పిల్లని పసుపుబట్టల్లో నా చేతుల మీదుగా ధార పోయలేను. యీషున్‌లో మీకు వీరాస్వామిగారని ఎవరో ఉన్నారుగా, ఆ దంపతుల్ని అడుగు.

సత్యవాణి

భువనమ్మా, మీ అక్క కోపంలో రాసింది. రాసి పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. నేనైతే పట్టుపంచె లోపల పెట్టలేదు. — బావ

*

ప్రాగ్
8 జులై 2025

అక్కా,

నెల రోజులు నీకు రాయకుండా పంతం పట్టాను. ఇప్పుడు నీకు కాక ఎవరికి రాయను? నిన్న తెరెజీన్ వెళ్లాం. నేనొక తప్పు మాట అన్నాను. దాంతో అంతా తారుమారైంది. మొత్తం చెబుతాను, మధ్యలో తిట్టకుండా చదువు.

పావెల్ తాతగారు సన్నగా ఉంటారు. చేతికర్ర, ఇస్త్రీ చొక్కా. ఇంగ్లీషు నెమ్మదిగా, శుభ్రంగా మాట్లాడతారు. బస్సెక్కే ముందు మారెక్‌ని అడిగాను, "తాతగారు అక్కడ ఉన్నవారే కదా, గైడు ఎందుకు, ఆయనే చూపించొచ్చుగా" అని. "ఆయన మా నాన్నకి చెప్పలేదు ఆంటీ, నాకూ చెప్పలేదు. నోరు పెగలదట. ఎవరైనా చెబుతుంటే పక్కన నిలబడగలనన్నారు. అందుకే ఈ టూరు" అన్నాడు.

బస్సులో అందరికీ చొక్కా మీద అంటించుకోమని పసుపురంగు స్టిక్కర్లు ఇచ్చారు, టూరు వాళ్లని గుర్తుపట్టడానికి. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు, తర్వాత జేబులో పెట్టుకున్నారు. గైడు ఒక చిన్నమ్మాయి. "సార్, ప్లీజ్, స్టిక్కర్" అని రెండుసార్లు అడిగింది. ఆయనెవరో ఆ పిల్లకి తెలియదు, ఆయన చెప్పనివ్వలేదు. యూదులందరి చేతా అప్పట్లో బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టించేవారని తర్వాత మ్యూజియంలో చూసి తెలుసుకున్నాను.

కోట చూపించారు. ఒకే గదిలో వందమందిని పడుకోబెట్టిన చెక్కబల్లలు చూపించారు. తాతగారు ప్రతి గుమ్మం దగ్గరా ఆగేవారు, లోపలికి రారు. అనన్య ఆయన చెయ్యి పట్టుకుని బయటే నిలబడింది. దహనం చేసిన కొలుములు చూసినప్పుడు అందరూ ముఖాలు తిప్పుకున్నారు. నేను చూడగలిగాను. మండాయి దహనవాటికలో మహీధర్‌ని పంపించినదాన్ని, నాకు దహనం కొత్తా?

ఆఖరున నది దగ్గరికి తీసుకెళ్లారు. చిన్న నది, పక్కన గడ్డి, ఏ చప్పుడూ లేదు. గైడు చెప్పింది, ఇక్కడ చనిపోయినవాళ్ల బూడిదని అట్టపెట్టెల్లో పేర్లు రాసి దాచేవారట. యుద్ధం చివర్లో ఇరవై వేలకు పైగా పెట్టెలు తెచ్చి ఈ నీళ్లలో కలిపేశారట.

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పొద్దుటి నుంచి చూసిన దానిలో ఆ ఒక్కటీ చల్లగా తోచింది. సీతానగరం రేవులో మహీధర్ అస్థికలు నువ్వూ నేనూ కలిసి కలపలేదూ? వీళ్లకి కనీసం ఆ పాటి దక్కిందనుకున్నాను. చేతులు జోడించి నదికి దణ్ణం పెట్టాను. పక్కన తాతగారుంటే ఆయనతో ఇంగ్లీషులో "పోనీలెండి, నదికి చేరారు. అదొక్కటైనా మంచి జరిగింది" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. "ఏది మంచి?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే గైడు అందుకుంది. ఎంతమంది చచ్చిపోయారో లెక్క దొరక్కుండా, రుజువు మిగలకుండా అలా పారబోయించారట. పెట్టెలు అందించడానికి అక్కడి వాళ్లనే, పిల్లల్ని కూడా వరసగా నిలబెట్టారట.

తాతగారు అప్పుడు మాట్లాడారు, అందరి ముందూ. "ఆ వరసలో నేనున్నాను" అన్నారు. "నాకు ఎనిమిదేళ్లు. పెట్టెలు తేలిగ్గా ఉండేవి. ఆటలా ఉందని నవ్వుకుంటూ అందించాం. తినడానికి కూడా ఏదో ఇచ్చారు. మా నాన్న పెట్టె కూడా అందులోనే ఉంది. నా చేతుల మీదుగానే వెళ్లిందో, పక్కవాడి చేతుల మీదుగా వెళ్లిందో నాకు తెలియదు." తర్వాత నాతో అన్నారు, "మేం కాల్చం అమ్మా. నదిలో వేయం. మట్టిలో పెడతాం. ఆయనకి అది కూడా ఇవ్వలేదు."

గైడు పిల్ల ఏడ్చేసింది. నాకు అక్కడే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది అక్కా. బస్సులో ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. అనన్య "అమ్మా, ఎందుకలా అన్నావ్?" అని ఒక్కటే అంది.

ఇంటికొచ్చాక మారెక్‌తో చెప్పారట, పెళ్లి చేసుకోండి, నాకేం అడ్డు లేదు, కానీ ఫోన్లో నాకు చూపించొద్దు అని. అక్షింతల మాట ఎత్తడానికి నాకు మొహం లేదు. నువ్వు వద్దన్నావు. విని ఉంటే ఈ నోటి నుంచి ఆ మాట వచ్చేది కాదు. ఇప్పుడేం చేయను? మన ఆచారం ఇదీ, మా దృష్టిలో నది అంటే తల్లి అని ఆయనకి వివరించి చెప్పనా? ఇంకో నాలుగు రోజులు ఇక్కడే ఉంటాం.

భువన

*

చీరాల
9 జులై 2025

భువనా, తల్లీ,

నీ ఉత్తరం చదవలేక బావగారు మధ్యలో ఆగిపోయారు. నేను తీసుకుని చదివాను.

ముందు ఏడుపు ఆపు. నువ్వన్న మాట అక్కడ నేనున్నా అనేదాన్ని. నీకంటే గట్టిగా అనేదాన్ని, గంగమ్మ తల్లి అని కూడా కలిపి. మనకి తెలిసింది అదే కదా. కానీ ఆ పెద్దాయనకి ఏమీ వివరించొద్దు. నువ్వు ఎంత బాగా చెప్పినా, నా తప్పు లేదు అని చెప్పినట్టే ఉంటుంది.

పొద్దున్నుంచి నాకు సీతానగరమే కళ్ల ముందు ఆడుతోంది. పడవలో నువ్వు ఆ కుండని ఒళ్లో పెట్టుకుని ఇవ్వనంటే ఇవ్వనన్నావు. పంతులుగారు మహీధర్ పేరు, మీ మామగారి పేరు, గోత్రం అన్నీ చెప్పాక, నేను నీ వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తే అప్పుడు వదిలావు. మనం కలిపాం. వీళ్లని పారబోశారు. చూడ్డానికి రెండూ నీళ్లే. ఎనిమిదేళ్ల పిల్లాడి చేత వాడి తండ్రినే పారబోయించారా! వాళ్ల చేతులు పడిపోను! నాకు వంట చేయబుద్ధి కాలేదు. పొద్దుటి పెరుగన్నమే తిన్నాం.

నువ్వొక పని చెయ్యి. ఆయన దగ్గరికి వెళ్లి, క్షమించమని ఒక్కసారి చెప్పి, వాళ్ల నాన్నగారి పేరు అడుగు. ఉత్తరం నిండా పెట్టె అనీ, బూడిద అనీ రాశావు, పేరు రాయలేదు. నీకు తెలియదు కాబోలు. పిల్లనిస్తూ ముత్తాత పేరు తెలుసుకోకపోతే ఎలాగే? కన్యాదానంలో ప్రవర చెప్పేటప్పుడు పంతులుగారు ఏం చెబుతారు? ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని ముమ్మారు చెప్పాలా వద్దా?

నాకూ ఒక సందేహం వచ్చి సాయంత్రం పంతులుగారి దగ్గరికి వెళ్లాను. అలా పోయినవాళ్ల పేరు శుభకార్యంలో పలకొచ్చా అని అడిగాను. "అది చచ్చిపోయాడని చెప్పడం కాదమ్మా, ఈ పిల్లవాడు ఎవరి వంశంలో పుట్టాడో చెప్పడం. చెప్పకపోతేనే దోషం" అన్నారు. గోత్రం లేనివారికి కాశ్యప గోత్రం చెబుతారట.

పీటల సంగతి మాత్రం నేను అన్నదే. పేరు ఎవరు కూర్చుంటే వాళ్లు చెబుతారు. నా భయం నాకుంది, దాన్ని నువ్వు తీసేయలేవు.

అన్నం తిను. పిల్లని తిననివ్వు.

అక్క

*

ఆంగ్ మో కియో
19 జులై 2025

అక్కా,

ఇల్లు చేరాం. ఇక్కడ ఎండ మండిపోతోంది, ఆ వెంటనే వాన. ఆరేసిన బట్టలు మూడుసార్లు లోపలికి తెచ్చాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి ఆడక ఇలాంటివన్నీ రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. బయల్దేరే ముందురోజు పొద్దున్న ఆయన కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాను. "తెలియక అన్నాను, క్షమించండి" అన్నాను. ఆయన తల ఊపారు. ఊరికే, మర్యాదకి. తర్వాత "మీ నాన్నగారి పేరేమిటి?" అని అడిగాను.

"ఎందుకు?" అన్నారు.

నువ్వు రాసింది చెప్పాను. మా పెళ్లిలో పిల్లని చేతిలో పెట్టేముందు, అబ్బాయి ముత్తాత, తాత, తండ్రి, ముగ్గురి పేర్లూ అందరికీ వినబడేలా మూడుసార్లు చెబుతాం, చెప్పందే పిల్లనివ్వం అని. ఆయన కప్పు కింద పెట్టారు.

"బయటికి చెబుతారా?"

"బయటికే. మైకులో."

ఆయన బల్ల మీద రొట్టె తునకల్ని వేలితో ఒక పక్కకి చేరుస్తూ కూర్చున్నారు. తర్వాత, "ఎమిల్" అన్నారు. "ఎమిల్ ఆడ్లర్. వాయులీనం వాయించేవాడు. బాగా వాయించేవాడు కాదని అమ్మ అనేది. ఆయన్ని ఆఖరిసారి పేరు పెట్టి గట్టిగా పిలిచింది స్టేషన్లో, మమ్మల్ని వరసలో నిలబెట్టి పేర్లు చదివిన సిపాయి. ఆ గొంతు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఆయన పేరు ఎవరూ గట్టిగా పలకలేదు. నేను కూడా పలకలేదు." అనన్య వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. మారెక్ గోడకి ఆనుకుని ముఖం కప్పుకున్నాడు. ముత్తాత వాయులీనం వాయించేవాడని వాడికీ అప్పుడే తెలిసింది.

అప్పుడాయన అడిగారు, "ఎవరు చెబుతారు?" అని.

వీరాస్వామిగారి పేరు నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఆయన కళ్లు చూస్తూ, డబ్బిచ్చి కుదుర్చుకున్న హాలు గురించి చెప్పినట్టు "ఎవరో ఒకరు" అని నేను అనలేకపోయాను. "మా అక్కా, మా బావగారు" అన్నాను. "నన్ను పెంచింది మా అక్కే. మీ నాన్నగారి పేరు అడగమన్నది కూడా ఆవిడే" అన్నాను.

ఆయన లేచి, కర్ర కూడా తీసుకోకుండా వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టారు. "ఆవిణ్ణి నెమ్మదిగా చెప్పమను. నేను వింటాను. ఫోన్ పెట్టమను" అన్నారు.

అక్కా, నువ్వు కూర్చోనన్నావు. నిన్ను అడక్కుండా నీ పేరు చెప్పి మాట ఇచ్చేశాను. నువ్వు తిట్టు, కొట్టు. పసుపు కొట్టాక పిల్ల ఆ ఊరు తొక్కింది, అది నేను మార్చలేను. నీకు భయం వేస్తే నాకూ వేస్తుంది, దాన్ని కన్నది నేను కదా. మహీధర్ ఏ స్మారక స్థలానికీ వెళ్లలేదు, పొద్దున్నే ఇడ్లీ తిని ఆఫీసుకి బయల్దేరాడు అని నాకు నేను చెప్పుకుంటాను. ఒక్కోసారి ధైర్యం వస్తుంది, ఒక్కోసారి రాదు.

నువ్వు రాకపోతే ఆయనకి నేనే ఫోన్ చేసి చెబుతాను. నీ మీద పెట్టను.

నీ భువన

*

చీరాల
26 జులై 2025

భువనా,

నీ ఉత్తరం వచ్చి వారం అయింది. రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. ఎవరినడిగి మాటిచ్చావే? ఎప్పుడూ ఇంతే నువ్వు. చిన్నప్పుడు నన్నడక్కుండా నా ఓణీ ఎవరికో ఇచ్చేసి, తర్వాత మా అక్క మంచిది అని ఊరంతా చెప్పుకొచ్చేదానివి.

మూడోరోజు బావగారు వరండాలో పచార్లు చేస్తూ ఏదో గొణుగుతున్నారు. లెక్కల మాస్టారు కదా, ఏవో ఎక్కాలు అనుకున్నాను. మిషను పెట్టుకుని విన్నాను. ఎమిల్ శర్మణో నప్త్రే, పావెల్ శర్మణో పౌత్రాయ అని వల్లె వేస్తున్నారు. పంతులుగారి దగ్గర రాయించుకొచ్చారట, నాకు చెప్పకుండా. "మనం వెళ్లడం లేదుగా, ఎందుకండీ ఇది?" అన్నాను. "వెళ్లకపోతే మానె. ఒకవేళ వెళితే, అక్కడ నోరు తడబడితే ఆ పెద్దాయన ఏమనుకుంటాడు?" అన్నారు. మళ్లీ నడక మొదలుపెట్టారు.

అంకమ్మ గేటు దగ్గరికొచ్చి ఎమిల్ ఎవరు వదినా, మీ చుట్టాలా అని అడిగింది. అవును, మా అల్లుడి ముత్తాత అన్నాను. అనేశాక నాకే ఏడుపొచ్చింది. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక ఇంక ఏ మొహంతో ఇంట్లో కూర్చోను?

భయం పోలేదు. నిన్న పొద్దున్న కూడా వేసింది. పోయాక బయల్దేరదామంటే శ్రావణం దాటిపోతుంది, అందుకని దాన్ని కూడా వెంటబెట్టుకునే వస్తున్నాం. పెళ్లికి నాలుగు రోజుల ముందు దిగుతాం. అనన్యని మంగళస్నానం వేళకి నాకు అప్పగించు, తలంటు నేనే పోస్తాను. కన్యాదానంలో బావగారు పేర్లు చెబుతారు, నేను ధార పోస్తాను. మూడుసార్లూ పోస్తాను.

ఆ ప్రవర చెప్పేటప్పుడు నువ్వు వెనకాల స్తంభం దగ్గర నిలబడతానంటే ఊరుకోను. పిల్ల కన్నతల్లివి. నా పక్కన నిలబడాలి. ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్పుకుంటాను.

పావెల్ బాబాయిగారికి నా నమస్కారాలు చెప్పు. అన్నగారు అనాలో బాబాయిగారు అనాలో తెలియక బాబాయి అన్నాను, తప్పయితే సరిచెయ్యి. మన ముహూర్తానికి వాళ్లక్కడ ఇంకా తెల్లవారదని మీ బావగారు లెక్క వేసి చెప్పారు. కాబట్టి ముందురోజు ఆయన్ని పెందలాడే పడుకోమను. వాళ్ల నాన్నగారి పేరు వచ్చేవేళకి ఆయన మేలుకుని ఉండాలి.

అక్క